ఒక చేతికి సరిపోయిన కార్బైన్

పోయిన నెల మా టాంపినీస్ ఫ్లాట్‌కు ఇద్దరు అమ్మాయిలు వచ్చారు. నేను పదవీ విరమణ చేసిన షూటింగ్ క్లబ్బులోనే, తుపాకుల గదిలో కొత్తగా ఉద్యోగంలో చేరారట. "ఆంటీ, ఈ పనిలో కష్టమైంది ఏది?" అని అడిగారు. బరువైన ఇనప తలుపులనో, పోలీసు తనిఖీలనో చెబుతాననుకున్నారు. నేను టీ ఇచ్చి, రాసి పంపుతానని చెప్పి పంపేశాను. వాళ్ళలో ఒకమ్మాయికి తెలుగు చదవడం వచ్చు. రెండో పిల్లకు ఆమే చదివి చెబుతుంది.

ఆ క్లబ్బులో నేను ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేశాను. టైపిస్టుగా చేరి ఆ గదికి బాధ్యురాలిగా బయటికొచ్చాను. మధ్యలో ఏ మెట్టు ఎప్పుడు ఎక్కానో ఎవరికీ పనికిరాదు. పనికొచ్చేది చెబుతాను.

తుపాకీ ఇంటికి వెళ్ళదు

ఈ దేశంలో క్లబ్బు సభ్యుడి తుపాకీ అతని ఇంటికి వెళ్ళదని మీకు మొదటి రోజే చెప్పి ఉంటారు. అది మన గదిలో ఉంటుంది, తూటాలు వేరే గదిలో ఉంటాయి. యజమాని వస్తాడు, తీసుకుంటాడు, కాలుస్తాడు, తుడిచి మళ్ళీ మనకు అప్పగించి వెళ్ళిపోతాడు. అందుకని చాలామంది మన పనిని బ్యాంకు లాకరు పని అనుకుంటారు. లాకరు గుమాస్తా నగ వేసుకునే మనిషి మెడ చూడనక్కర్లేదు. మనం మాత్రం తుపాకీ పట్టుకునే చెయ్యిని చూడాలి. ఇనుము ముప్పై ఏళ్ళకు కూడా మారదు. చెయ్యి మారుతుంది.

నాకు పని నేర్పిన రహమత్ గారు సైన్యంలో తుపాకులు బాగుచేసి రిటైరైన మనిషి. విప్పిన తుపాకీని కళ్ళు మూసుకుని బిగించేవారు. ఆయన దగ్గర నేర్చుకున్నంత నేను ఇంకెక్కడా నేర్చుకోలేదు. కానీ ఒక్క విషయంలో ఆయన తప్పు. కొత్త సభ్యుడు ఎవరొచ్చినా తనకు నచ్చిన తుపాకీనే కొనిపించేవారు. బరువుగా, పొడుగ్గా, అందంగా ఉండేది. సన్నటి మణికట్టున్న ఒక బ్యాంకు ఉద్యోగిని ఆయన మాట విని అలాంటిది కొనుక్కుంది. నాలుగు వారాలు వచ్చింది, తర్వాత రాలేదు. ఆ తుపాకీ మా అరలో ఆరేళ్ళు ఉంది. దాన్ని తుడిచినప్పుడల్లా రహమత్ గారు "మంచి తుపాకీ, ఆ పిల్లకే ఓపిక లేదు" అనేవారు. ఓపిక లేనిది ఆ పిల్లకు కాదు. ఆమె చెయ్యి కొలిచే ఓపిక మాకు లేదు. ఆ మాట ఆయనతో అనడానికి నాకు పదేళ్ళు పట్టింది. అన్నాక ఆయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు కొలత టేపు తెచ్చి నా బల్ల మీద పెట్టి వెళ్ళారు.

ప్రసాదరావు గారు

ప్రసాదరావు గారిది తణుకు. జురాంగ్ ఐలాండ్‌లో ఒక ప్లాంటులో ఇంజనీరు. ఇరవై ఏళ్ళు ప్రతి శనివారం పొద్దున్న వచ్చి రివాల్వరు కాల్చేవారు. భార్య విమల గాలరీలో మందపాటి అద్దం వెనక బెంచీ మీద కూర్చునేది. ఒడిలో పుస్తకం ఉండేది కానీ ఆమె పేజీ తిప్పడం నేను చూడలేదు.

ఆయనకు యాభై ఏడో ఏట పార్కిన్సన్స్ అని తేలింది. వణుకుడు జబ్బు. డాక్టరు ఇంకా కాల్చవచ్చని కాగితం ఇచ్చాడు. అయినా ఆయన రివాల్వరు గురి చెదిరిపోతోందని, కాల్చేవాళ్ళు నిలబడే గీతకు ఇటు ఉన్న నాకు తెలుస్తూనే ఉంది. ఒక శనివారం నా కిటికీ దగ్గరికి వచ్చారు.

"అక్కయ్యగారూ, నాకో కార్బైన్ కావాలండి. లివర్‌ది."

ఎందుకని అడగనక్కర్లేదు. రివాల్వరును చేతులు మాత్రమే మోస్తాయి. కార్బైన్ అంటే పొట్టి రైఫిలు, దాన్ని భుజం, చెంప కూడా మోస్తాయి. వణుకు నాలుగు చోట్ల పంచుకుంటే తగ్గుతుంది. మా క్లబ్బులో పెద్ద రైఫిలు కుదరదు. మా రేంజి నాలుగు గోడల మధ్య ఉంది. చివరి గోడ చేతి తుపాకీ తూటాలను ఆపడానికే కట్టింది. కాబట్టి పొడుగు తుపాకీ కావాలన్నవాళ్ళకు ఒకటే దారి, రివాల్వరు తూటానే పేల్చే చిన్న కార్బైన్. కింద ఉన్న లివర్‌ను ముందుకు తోసి వెనక్కి లాగితే కాలిన తూటా డొప్ప ఎగిరిపోతుంది, కొత్తది లోపలికి వస్తుంది. కౌబాయ్ సినిమాల్లో అందరూ చూసిందే.

"తణుకులో నేల టిక్కెట్టు మీద కూర్చుని చూశానండి. హీరో గుర్రం మీద నుంచి ఒంటిచేత్తో తిప్పేవాడు" అన్నారు ఆయన.

"గుర్రం కూడా తెప్పించాలా?"

"అక్కర్లేదు. కంపెనీ బస్సుంది కదా!"

ఆయనకు ఏది కావాలో ముందే తెలుసు. ఇరవై అంగుళాల గొట్టం, అదీ ఎనిమిది పలకలది. తూటాలు పక్కనున్న చిన్న తలుపులోంచి బొటనవేలితో ఒక్కొక్కటే నొక్కాలి. సినిమాలో ఉన్నట్టు. నేను క్లబ్బు పాత కార్బైన్ తెచ్చి ఆరు ఉత్తుత్తి తూటాలు ఇచ్చాను. ఆరూ గబగబా నొక్కేశారు. చెయ్యి వణకలేదు. లివర్ చివరిదాకా తిప్పారు.

"చూశారా?"

చూశాను. కోరిందే తెప్పిద్దామనుకున్నాను.

చెంచా

ఆ మధ్యాహ్నం క్యాంటీనులో ముగ్గురం కలిసి తిన్నాం. అన్నం, చేపల పులుసు. ఆయన చెంచాతో తింటున్నారు.

ఇరవై ఏళ్ళు ఆ మనిషి అదే బల్ల దగ్గర చేత్తో తినడం చూశాను. చెంచా పట్టుకున్న తెలుగువాళ్ళని ఏడిపించేవారు. "చెయ్యి పెట్టకపోతే కడుపుకు ఎలా తెలుస్తుందిరా, ఏం తింటున్నావో!" అని కుర్ర ఇంజనీర్లను అనేవారు.

"ఏంటండీ, దొరలైపోయారు?" అన్నాను.

"ఆఫీసు అలవాటు అక్కయ్యగారూ. అందరూ ఇలాగే తింటారు."

విమల నవ్వలేదు. పులుసులో ముల్లు వెతుకుతున్నట్టు పళ్ళెంలోకి చూస్తూ కూర్చుంది. చేతులు కడుక్కునే చోట ఆమె పక్కన నిలబడ్డాను. తనే చెప్పింది.

"శనివారం కోసం మాత్ర జరుపుతారండి. సరిగ్గా ఇక్కడికి వచ్చేసరికి చెయ్యి బాగుండాలని ఎనిమిదిన్నరకు వేసుకుంటారు. మీరు చూసేది ఆ చెయ్యి. సాయంత్రం మా ఇంటికొచ్చి చూడాలి. ముద్ద కలపలేరు. చొక్కా బొత్తాలు నేనే పెడతాను."

"విమలా..."

"నేను చెప్పానని అనకండి. వారంలో ఆయన నాకంటే ముందు లేచేది ఈ ఒక్క రోజే. ఇది కూడా పోతే ఆయనకు ఇంకేం ఉందండీ?"

అన్నం ముద్ద కట్టాలంటే నాలుగు వేళ్ళు పట్టుకోవాలి, బొటనవేలు తోయాలి. ఆ పక్క తలుపులోకి తూటా నొక్కేదీ ఆ బొటనవేలే. డాక్టరు కాగితం అబద్ధం అనను. కానీ ఆయన అన్నం తినడం డాక్టరు చూడలేదు. మన పనివాళ్ళు తుపాకీ యజమానితో కలిసి తినాలి. దీన్ని నియమంగా ఎక్కడా రాయలేదు, నేను రాస్తున్నాను.

సాయంత్రపు చెయ్యి

కొలతలు తీసుకోవాలి, బుధవారం ఆఫీసు అయ్యాక రమ్మని కబురు చేశాను. ఆయన ఐలాండ్ నుంచి తిన్నగా వచ్చారు. మెడలో కంపెనీ కార్డు అలాగే ఉంది. అదే పాత కార్బైన్, అవే ఉత్తుత్తి తూటాలు ఇచ్చాను.

మొదటిది లోపలికి వెళ్ళింది. రెండోది సగం వెళ్ళి ఆగింది. బొటనవేలు దాని మీద జారి, తూటా నేల మీద పడి, దొర్లి బల్ల కిందికి పోయింది. ఆయన అది పోయిన వైపే చూస్తూ నిలబడ్డారు. నేను వంగి తీయలేదు. తీస్తే ఆయన ఇక మాట్లాడరనిపించింది.

"విమల చెప్పిందా?" అన్నారు చివరికి.

"చెంచా చెప్పింది."

కుర్చీలో కూర్చున్నారు. "అయితే వద్దంటారా?"

"వద్దనడం లేదండి. కానీ మీరు కొనేది ఇవాళ్టి చేతికి కాదు. అనుమతులు, ఓడ, తనిఖీ అన్నీ అయ్యేసరికి ఎనిమిది తొమ్మిది నెలలు. అప్పటి చేతికి కొనాలి."

"అప్పటి చెయ్యి మీకేం తెలుసు?" కోపంగానే అన్నారు.

"తెలియదు. ఇప్పటి సాయంత్రపు చెయ్యి అప్పటికి పొద్దుటి చెయ్యి అవుతుందనుకుంటున్నాను. మాత్ర వేసుకున్నా సరే."

ఆయన తన అరచేతులు రెండూ తిప్పి చూసుకున్నారు. ఎవరో ఇచ్చిన వస్తువును చూసినట్టు. తర్వాత, "సరే, కొలవండి" అన్నారు.

ఎలా ఎంచాం

ఇది శ్రద్ధగా చదవండి. ఇలాంటి మనిషి మీ కిటికీ దగ్గరికీ వస్తాడు.

తూటా ఆయన రివాల్వరుదే ఉంచాం, ముప్పై ఎనిమిది స్పెషల్. కార్బైన్ మాత్రం అదే కొలతలో ఇంకాస్త పొడుగు తూటా, మూడు వందల యాభై ఏడు, పట్టేది. అందులో రెండూ పేలతాయి. మెత్తటి తూటా వేస్తే భుజానికి తట్టినట్టే ఉంటుంది. కానీ గురి పోటీలకు ఆయన వాడే మొండి తూటా, ముక్కు లేకుండా కోసేసినట్టుండేది, లివర్ తుపాకీలో సరిగ్గా ఎక్కదు, అడ్డం పడుతుంది. మొనదేలినది అసలే కూడదు. పేలే గొట్టం కింద ఉండే తూటాల గొట్టంలో ఒకదాని వెనక ఒకటి ఉంటాయి కాబట్టి, వెనక తూటా మొన ముందు తూటా అడుగున ఉన్న మందును గుచ్చి పేల్చవచ్చు. ముక్కు ఉండాలి, అది చదునుగా ఉండాలి.

పక్క తలుపు వద్దన్నాను. కొన్ని తుపాకుల్లో ఆ తూటాల గొట్టం లోపలున్న సన్నటి గొట్టం ముందు నుంచి పైకి లాగి తూటాలు జారవిడవవచ్చు. వేళ్ళకు బలం అక్కర్లేదు. ఆయన మొహం చిన్నబుచ్చుకున్నారు. "సినిమాలో అలా లేదండి" అన్నారు. "సినిమాలో హీరోకి యాభై ఏడు లేవు" అన్నాను.

ఎనిమిది పలకల గొట్టం మూడు కిలోల నాలుగు వందల గ్రాములు తూగింది. పదహారు అంగుళాల గుండ్రటిది మూడు కిలోలకు కాస్త తక్కువ. అదే తీసుకున్నాం. లివర్ కడియం పెద్దది, వేళ్ళు వెతుక్కోకుండా దూరిపోయేది. భుజానికి ఆనే కర్ర వెనక భాగం అరంగుళం కోయించాం, మోచెయ్యి ఒంటికి దగ్గరగా ఉండాలని. తూటాను కొట్టి పేల్చే సుత్తి పైకెత్తి ఉన్నప్పుడు దాన్ని బొటనవేలితో మెల్లగా దించడం మాత్రం ఎప్పటికీ చేయకూడదని ఆయన చేత ఒట్టు వేయించుకున్నాను. జారితే పేలుతుంది. ఆపాలంటే లివర్ తెరిచి తూటా బయటికి తీసేయడమే.

మా మేనేజరు లిమ్ ఆర్డరు కాగితం చూసి తల పట్టుకున్నాడు. "ఆంటీ, కర్ర కోస్తున్నారు, తూటాలు ముందు నుంచి వేసేది తెప్పిస్తున్నారు. ఆయన తర్వాత ఎవరు కొంటారు?"

"ఆయన తర్వాత సంగతి ఇప్పుడెందుకు?"

"నేను దాని సంగతే చూడాలి కదా ఆంటీ, ఆ అర మనకు ఖాళీ కావాలి."

లిమ్ చెడ్డవాడు కాదు. అతను చెప్పిందే నిజమైంది కూడా. అయినా మీరు నా మాటే వినండి. తర్వాత వచ్చేవాడి కోసం ఎంచిన తుపాకీ ముందున్నవాడికి పనికిరాదు.

ఐదు నెలలు

కార్బైన్ తొమ్మిదో నెలలో వచ్చింది. ఆ శనివారం ఆయన తెల్లచొక్కా వేసుకొచ్చారు, పెళ్ళికి వచ్చినట్టు. చొక్కాకు బొత్తాలు లేవు, తల మీంచి వేసుకునేది. సన్నటి గొట్టం పైకి లాగి తూటాలు జారవిడిచారు. అవి టకటకమని లోపలికి దిగుతుంటే పిల్లాడిలా చెవి పెట్టి విన్నారు. మొదటి అయిదూ కాగితం మీద అరచేతిలో పట్టేంత చోట పడ్డాయి. వెనక్కి తిరిగి అద్దం వైపు చూశారు. విమల పుస్తకం మూసేసింది.

నా అంచనా ఒకటి రెండు వారాల తేడాతో సరిపోయింది. అప్పటికి మాత్ర వేసుకున్న చెయ్యి కూడా పక్క తలుపుకు పనికిరాదు. అంచనా సరిపోయినందుకు నాకు సంతోషం కలగలేదు.

ఐదు నెలలు కాల్చారు. కొత్త సభ్యులు దాన్ని ముద్దుగా ఆంటీ గన్ అనేవారు. ఆయనేమీ అనుకోలేదు. "ఆంటీ ఎంచింది కదరా మరి" అనేవారు.

ఆరో నెలలో ఒక పొద్దున్న లివర్ సగంలో ఆగిపోయింది. చివరిదాకా తోసే బలం చాలలేదు. తూటా సగం ఎక్కి ఇరుక్కుంది. అంతవరకు ఫరవాలేదు, ఎవరికైనా జరుగుతుంది. కానీ చెయ్యి అక్కడే బిగుసుకుపోయింది. వదలమంటే వదలడం లేదు. గొట్టం నెమ్మదిగా ఎడమ పక్కకు తిరగసాగింది. పక్కన కాల్చే చోట ఒక కుర్రవాడు ఉన్నాడు. నేను గొట్టం మీద చెయ్యి వేసి గోడ వైపే నొక్కి పట్టుకున్నాను. రెండో చేత్తో ఆయన వేళ్ళు ఒక్కొక్కటే కడియంలోంచి విప్పాను.

తుపాకీ ఖాళీ చేశాక ఆయనే అన్నారు. "ఇంక చాలు కదండీ."

"చాలండి" అన్నాను.

ఇంకో వారం చూద్దాం అనాలని ఎంత అనిపించినా అనకూడని చోటు అది. మన పనిలో జాలి చూపడానికి వేరే చోట్లున్నాయి. నేను ఆయనకు తుడిచే గది ఇచ్చాను. కాల్చకపోయినా లైసెన్సు ఉన్నంతకాలం యజమాని తన తుపాకీ తుడుచుకోవచ్చు. తర్వాత ఆరేడు నెలలు శనివారం వచ్చి, నా ఎదురుగా కూర్చుని, ఖాళీ తుపాకీ కర్రకు నూనె పట్టించేవారు. నూనె గుడ్డ అయితే చెయ్యి వణికినా ఏమీ కాదు. విమల అద్దం వెనకే కూర్చునేది.

తర్వాత న్యుమోనియా వచ్చింది. పది రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. తిరిగి రాలేదు.

విమల వచ్చిన రోజు

యజమాని పోతే తుపాకీ ఇంకో సభ్యుడు కొనుక్కోవాలి. లేదంటే పోలీసులకు అప్పగించాలి, వాళ్ళు దాన్ని కోసేస్తారు. వాళ్ళు ఇచ్చిన గడువు వరకూ నేను అందరినీ అడిగాను. పట్టి చూశారు. పొట్టిగా ఉందన్నారు, తూటాలు వేసే తీరు నచ్చలేదన్నారు. నిజమే. అది వాళ్ళ కోసం చేసింది కాదు. లిమ్ నాతో మునుపటి మాట మళ్ళీ అనలేదు. ఆ రోజు నాకు కాఫీ తెచ్చిపెట్టి వెళ్ళాడు.

అప్పగించే రోజు విమల వచ్చింది. సంతకం ఆమెదే కావాలి. సంతకం చేశాక కూడా లేవలేదు.

"అక్కయ్యగారూ, ఒక్కసారి పట్టుకోవచ్చా? ఎప్పుడూ ముట్టుకోలేదు."

లైసెన్సు లేని చేతికి తుపాకీ ఇవ్వకూడదు. ఖాళీదైనా సరే, ఎవరైనా సరే. ముప్పై ఒక్క ఏళ్ళలో నేను ఇవ్వలేదు.

"కూడదమ్మా" అన్నాను.

ఆమె తల ఊపింది. పర్సు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచింది. నాకు చూస్తూ ఊరుకోబుద్ధి కాలేదు.

"నేను పట్టుకుంటాను. నువ్వు చూడు."

కిటికీ అద్దం ఆమెకు నాకు మధ్య ఉంది. లివర్ తెరిచి, లోపల వేలు పెట్టి ఖాళీ అని చూసి, గొట్టాన్ని పొరపాటున పేలినా తూటాను ఆపే ఇసుక పెట్టె వైపు తిప్పి కార్బైన్ భుజానికి ఆనించుకున్నాను. ఎలా పట్టుకోవాలో నేను వందమందికి నేర్పాను. అలాగే పట్టుకున్నాను.

"అలా కాదండీ" అంది విమల.

"మరి?"

"ఆయన మెడ అంత వంచరు. తుపాకీనే చెంప దగ్గరికి తెచ్చుకుంటారు."

తెచ్చుకున్నాను.

"మోచెయ్యి ఇంకాస్త కిందికి. ఒంటికి ఆనాలి. ఎడమ పాదం కొంచెం ముందుకు... ఇంకొంచెం. ఆఁ. భుజం బిగించకండి. ఆయన ఊపిరి వదిలేస్తారు అప్పుడు."

ఊపిరి వదిలాను. ఏళ్ళ తరబడి ఆమె ఆ పేజీ ఎందుకు తిప్పలేదో అప్పుడు తెలిసింది. కర్ర మీద ఆయన చెంప ఆనినచోట నూనె మెరుపు పోయి ఉంది. నా చెంప సరిగ్గా అక్కడికే వచ్చింది.

"అలాగే ఉంటారా, ఒక్క నిమిషం?"

ఉన్నాను. మూడు కిలోలకు కాస్త తక్కువే. కానీ నాకు అరవై దాటాయి. నిమిషం గడవకముందే భుజం లాగింది, మణికట్టు బరువెక్కింది, గొట్టం చివర సన్నగా అదరడం మొదలైంది. ఆపాలని వేళ్ళు బిగించాను. ఆగలేదు.

అద్దానికి అవతల విమల గొంతు వినిపించింది.

"అదుగో. ఇప్పుడు ఆయనే."

నేను దించలేదు. ఆమె చూసినంతసేపూ అలాగే నిలబడ్డాను.